ఒక్క టేకులో ఒడిబియ్యం

బాపు పోయిన ఏడాదికి గాని ఆయన ఇనప బీరువా తెరవడానికి అమ్మ ఒప్పుకోలేదు. తెరిచిన రోజు తాళం తిప్పింది నేనే. ఆ తాళానికి ఒక కిటుకు ఉంది, తాళంచెవిని కొంచెం పైకెత్తి తిప్పాలి. బాపు తర్వాత అది ఈ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. ఇలాంటివి నాకొక్కదానికే తెలుసని చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. తలుపు తెరుచుకోగానే ముందు కలరా ఉండల వాసన వచ్చింది, దాని వెనకే ఎరువుల దుకాణం వాసన వచ్చింది. దుకాణం మూసేసి ఎన్నేళ్లయినా ఆ వాసన బాపు బట్టల్ని వదల్లేదు. పై అరలో పట్టా పుస్తకాలు, నడి అరలో పంచెలు, కింది అరలో అన్నిటికన్నా వెనక పాత పేపర్లో చుట్టి సుతిలితో కట్టిన ఒక పొట్లం. విప్పితే లోపల ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ ఉన్నాయి, దుకాణంవాడు వేసిన మడత కూడా చెదరలేదు. రెండింటి మధ్య నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి. దాని మీది చేతిరాత నాది. ఇరవై ఏళ్ల వయసులో మా ఇంట్లో సినిమా తీసినప్పుడు నేను రాసుకున్న సామాన్ల జాబితా అది. షూటింగు పొద్దున అది కనబడక, పారేశావని కెమెరా పట్టుకొచ్చిన శ్రీకాంత్‌ను నానా మాటలన్నాను. మా బాపు బీరువాలో ఇన్నేళ్లు భద్రంగా ఉంది.

ఆ సినిమా కథ నేను చాలామందికి చెప్పాను. స్కూల్లో తోటి టీచర్లకు చెప్పాను, పెళ్లయ్యాక అత్తగారింట్లో చెప్పాను, మా పిల్లలకైతే వాళ్లు చెవులు మూసుకునేదాకా చెప్పాను. ప్రతిసారీ అందులో తెలివిగలదాన్ని నేను, మోసపోయింది బాపు. కాగితం మడతలు విప్పి చదివాక ఆ కథను మొదటి నుంచీ మళ్లీ చెప్పక తప్పదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

సిద్దిపేట అప్పటికి జిల్లా కాలేదు. పాత బస్టాండు వెనక సందులో మా ఇల్లు, ముందు వరండా, తర్వాత పెద్ద అర్ర, దాని వెనక వంటిల్లు, పెరట్లో జామ చెట్టు. తెల్లవారకముందే అమ్మ వాకిలి చల్లి ముగ్గేసేది. ఆ తడి వాసన తగ్గేలోపు వంటింట్లో జొన్న రొట్టె చప్పుడు మొదలయ్యేది. అమ్మ రొట్టెను పీట మీద అరచేత్తో కొడుతుంటే ఆ దెబ్బల లెక్కను బట్టే నేను పక్కలోంచి లేచేదాన్ని. బాపు వరండాలో కూర్చొని రేడియో వింటూ చాయ తాగేవాడు. చాయ మొత్తం సాసరులో పోసుకొని ఊదుకుంటూ తాగితేనే ఆయనకు తాగినట్టు. ఎనిమిదికి దుకాణానికి బయలుదేరేవాడు. చెవి వెనక ఎప్పుడూ ఒక నీలం పెన్సిల్ ముక్క ఉండేది. ఏ మందు ఎన్ని లీటర్ల నీళ్లలో కలపాలో రైతులకు ఆ పెన్సిల్‌తోనే చీటీ రాసిచ్చేవాడు. అంకె చుట్టూ గుండ్రంగా గీత గీసేవాడు. చదువురాని రైతు కూడా ఆ గుండ్రం చూపించి పక్కవాడితో చదివించుకోవాలని. చింతమడక నుంచి, మద్దూరు నుంచి వచ్చే రైతులు ఆ చీటీలను తువ్వాలు కొంగులో ముడేసుకొని పోయేవాళ్లు. రాత్రి ఇంటికొచ్చాక సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని గాని బాపు మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు. మందు అంటుకుంటుందని ఆయన భయం.

మేమిద్దరమే ఆడపిల్లలం. పద్మక్క నాకన్నా ఆరేళ్లు పెద్ద. బాపుకు అక్క అంటే ప్రాణం. దుకాణం నుంచి వస్తూనే "పెద్దదేది?" అని అడిగేవాడు, నేను ఎదురుగా నిలబడి ఉన్నా సరే. ఆ అక్క టీచర్ ట్రైనింగులో పరిచయమైన నర్సింహులు బావను రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుంది. కులం వేరు. పెళ్లి కబురు తెలిసిన రోజు బాపు అరవలేదు, ఏడవలేదు, అన్నం కూడా మానలేదు. "పెద్దదేది" అని అడగడం మాత్రం మానేశాడు. మా ఇంట్లో స్టీలు గ్లాసుల మీద పేర్లు కొట్టించి ఉండేవి. అక్క పేరున్న గ్లాసు అటక మీదికి ఎక్కింది. ఎవరు ఎక్కించారో ఎవరం అడగలేదు. అక్క, బావ మద్దూరులో ఉద్యోగాలు చేసుకుంటూ అక్కడే ఉన్నారు. అక్కడి నుంచి మా ఇంటికి గంటన్నర బస్సు ప్రయాణం. ఐదేళ్లు ఆ బస్సు ఎక్కి మా ఇంటికి ఎవరూ రాలేదు.

అమ్మ మాత్రం నెలకొకసారి దవాఖానకు పోయేది. బీపీ చూపించుకోవాలనేది. అక్క కూడా అదే రోజు దవాఖానకు వచ్చేది. మందుల కిటికీ ముందు బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చొని, అమ్మ తెచ్చిన టిఫిన్ డబ్బా తెరుచుకునేవాళ్లు. ఆ ఐదేళ్లలో అమ్మ బీపీని చూసినన్నిసార్లు డాక్టరు ఇంకెవరి బీపీని చూసి ఉండడు. అది ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. ఒకరోజు నన్నూ తీసుకుపోయింది. తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో అమ్మ నా వైపు చూడకుండా అంది: "ఐదేండ్లాయె. ఒక్కపారి గూడ దానికి ఒడిబియ్యం పొయ్యకపోతి. అత్తగారోళ్లు ఏమనుకుంటరే? పుట్టింటోళ్లు ఉన్నరనుకుంటరా సచ్చిన్రనుకుంటరా?"

తెలంగాణ బయటివాళ్లకు ఈ మాట బరువు తెలియకపోవచ్చు. పెళ్లయిన ఆడపిల్లను మూడేళ్లకో ఐదేళ్లకో పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, తల్లీ తండ్రీ వాడకట్టు ముత్తయిదువలూ పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఆమె ఒడిలో పోస్తారు. ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు వేస్తారు. కొత్త చీర పెడతారు, అల్లుడికి బట్టలు పెడతారు. ఆమె ఆ బియ్యం అత్తగారింటికి తీసుకుపోయి వండి నలుగురికీ పెడుతుంది. ఈ పిల్లకు వెనక మనుషులున్నారని ఊరికి చెప్పే పద్ధతి అది. ఒడి నింపని పిల్ల పుట్టిల్లు లేని పిల్ల కిందే లెక్క. అక్క ఎప్పుడూ ఏమీ అనలేదు గాని, తోటికోడళ్ల ఒడిబియ్యాలకు తను పోయి వండి వడ్డించి వస్తోందని అమ్మకు తెలుసు. ఆ రోజు రిక్షాలోనే నేను నిశ్చయించుకున్నాను, బాపు చేత అక్కకు ఒడిబియ్యం పోయించాలని. ఎలాగో మాత్రం తెలియదు.

దారి శ్రీకాంత్ రూపంలో దొరికింది. వాడు డిగ్రీలో నా క్లాస్‌మేటు. వాళ్ల అన్నకు పెళ్లి వీడియోలు తీసే స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు లేని మాసంలో ఆ పెద్ద కెమెరా ఖాళీగా ఉంటుందని, దాంతో పది నిమిషాల సినిమా తీస్తానని తిరుగుతున్నాడు. వాడి దగ్గరున్నది దయ్యం కథ. పాత ఇల్లు కావాలి, కిరాయికి ఎవరూ ఇవ్వడం లేదు. మా ఇల్లిప్పిస్తానన్నాను. వాడు ఎగిరి గంతేశాడు. "ఇల్లు మాది, కథ నాది. దయ్యం గియ్యం లేదు," అన్నాను. నేను చెప్పిన కథ చాలా చిన్నది: తండ్రికి కోపం తెప్పించిన కూతురు చాలా ఏళ్ల తర్వాత పుట్టింటికి వస్తుంది, తండ్రి ఆమె ఒడి నింపుతాడు. శ్రీకాంత్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "గిండ్ల భయం ఏడుందే?" అన్నాడు. "మా బాపును చూసినంక చెప్పు," అన్నాను.

బాపును ఒప్పించడానికి పెద్దగా కష్టపడలేదు. ఆయన పెళ్లికి ముందు ఊళ్లో చిరుతల ఆటలో వేషం కట్టినవాడు. కాలికి గజ్జె కట్టుకుని రాత్రంతా ఆడానని ఎవరైనా అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. తండ్రి వేషానికి అనుకున్న మనిషి రాలేదని శ్రీకాంత్ దిగులు మొహం పెట్టగానే బాపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఎన్ని మాటలు మాట్లాడేదుంటది?" అని అడిగాడు. "ఒక్కటే అంకుల్. 'వచ్చినవా బిడ్డా' అనాలె. అంతే." "ఒక్కటేనా?" అని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా. కూతురు వేషానికి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వస్తుందని చెప్పాం. ఏ అమ్మాయీ లేదు. ఆ పొద్దున ఆమెకు బస్సు తప్పిపోవాలి, అదే రోజు దవాఖానకు వచ్చిన అక్కను అప్పటికప్పుడు కూర్చోబెట్టాలి. ఇదీ నా పథకం. నాకూ శ్రీకాంత్‌కూ అక్కకూ తప్ప నాలుగో మనిషికి తెలియదు. అమ్మకు చెప్పలేదు. అమ్మ ముఖం చూస్తే ఏ విషయమైనా వీధివాళ్లకు కూడా తెలిసిపోతుంది.

అసలు అడ్డం తిరిగింది అమ్మే. నేను డబ్బాలోంచి రెండు కిలోల తెల్ల బియ్యం తీసి పక్కన పెడుతుంటే చూసింది. "తెల్ల బియ్యం ఒళ్లె పోస్తరా ఎవలన్న? పసుపు కలుపద్దా?" "సినిమా కదమ్మా, కెమెరాలో ఏం తెలుస్తది?" అన్నాను. అమ్మ చేతిలో పని ఆపేసింది. "నాకు తెలుస్తది. ఇంకొకటి చెప్తున్న ఇను. ఒడిబియ్యం ఉత్తగ పొయ్యరు. పోస్తే ఆ పిల్ల ఈ ఇంటి బిడ్డయితది. పండుగకు పిలువాలె, చీర పెట్టాలె. మీ సినిమ పిల్లను ఏడాదికొకపారి హైదరాబాదు నుంచి పిలుస్తవా నువ్వు? మల్ల సినిమోళ్లు ఒక్కటే పనిని పదిసార్లు చేపిస్తరట. ఒకపారి పోసినంక మల్ల మూడో ఏడుదాక పొయ్యద్దు, ఎరుకేనా?" ఒక్కసారే పోయిస్తామని అమ్మ చేతిలో చెయ్యి వేసి చెప్పాను. అబద్ధమే. శ్రీకాంత్ అప్పటికే మూడు టేకులు అనుకుంటున్నాడు, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి, ఒకటి భద్రత కోసం.

షూటింగుకు వారం ముందు జాబితా రాసి టీవీ మీద పెట్టాను, అటూ ఇటూ పోతూ గుర్తొచ్చినవి చేర్చుకోవడానికి. ఆ రోజుల్లో ఆ ఇంట్లో నాకు మించిన పెత్తనం ఎవరికీ లేదు. వరండాలో సైకిళ్లు తీయించాను, గోడ మీది ట్రాక్టరు కంపెనీ క్యాలెండరు దింపించాను, పక్కింటి కుక్కర్ విజిల్ ఎప్పుడు రాకూడదో పక్కింటికి పోయి చెప్పొచ్చాను. వాడకట్టు నుంచి నలుగురు ముత్తయిదువలను వేషాలకు మాట్లాడాను. మామూలు చీరల్లో రమ్మంటే నలుగురూ పట్టుచీరల్లో వచ్చారు, ముందు వరుసలో ఎవరు నిలబడాలో తెగక ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. ముందురోజు దేవుడి గూటి దగ్గర ఒక సంచి కనబడింది. అందులో కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు అన్నీ నిండుగా, పచ్చ అంచు కొత్త చీర, పక్కనే పసుపు కలిపిన బియ్యం గంప. అమ్మ చాదస్తం కొద్దీ తెచ్చిందనుకున్నాను. అమ్మేమో సినిమావాళ్ల సామాను అనుకుందట. ఒకరినొకరం అడగలేదు. అడగడానికి తీరిక ఎక్కడిది?

అక్కకు ఫోనులో అన్నీ నేర్పాను. ఏ బస్సుకు రావాలో, గుమ్మంలో ఎక్కడ ఆగాలో, ఏడుపొస్తే ఎలా ఆపుకోవాలో. చివరికి ఒక మాట గట్టిగా చెప్పాను. "బావను మాత్రం తేకు. బావ కనబడిండో, బాపు మధ్యలకెల్లి లేచి పోతడు. పనంత పాడైతది. నువ్వొక్కదానివే రా." అక్క సరేనంది. బావ అక్కను స్కూటరు మీద తెచ్చి మా సందు మొగలో దింపి, అక్కడే చాయ హోటల్లో కూర్చున్నాడు. తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆయన అక్కడే కూర్చుని ఐదు చాయలు తాగాడు. ఆ సంగతి కూడా నేను నవ్వుతూ చెప్పుకునేదాన్ని.

ఆ పొద్దున పెద్ద అర్రలో రెండు లైట్లు వెలిగేసరికి ఇల్లు మాది కాదనిపించింది. గోడల మీద పగుళ్లన్నీ బయటపడ్డాయి. బాపు తెల్ల పంచె కట్టుకుని స్టూలు మీద కూర్చుంటే శ్రీకాంత్ మొహానికి పౌడరు అద్దుతున్నాడు. నేను పోయి, ఊపిరి పీల్చుకొని, నేర్చుకున్న మాటలన్నీ ఒక్కపెట్టున చెప్పేశాను: హీరోయిన్‌కు బస్సు తప్పింది, అక్క దవాఖానకు వచ్చిందట, ఒక గంట కూర్చుంటానంది. ఐదేళ్లలో ఆ ఇంట్లో బాపు ముందు అక్క మాట ఎత్తడం అదే మొదటిసారి. శ్రీకాంత్ చేతిలో పౌడరు డబ్బా అలాగే ఉండిపోయింది. బాపు నా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మొహం మళ్లీ శ్రీకాంత్ వైపు తిప్పి, "ఎవలో ఒకలు. జల్ది కానియ్‌మను, ఎండెక్కుతున్నది," అన్నాడు. పెరట్లోకి పరిగెత్తుకుపోయి జామ చెట్టు కింద ఒక్కదాన్నే గెంతాను. బాపు నా బుట్టలో పడ్డాడనుకున్నాను.

అక్క గుమ్మంలోకి వచ్చినప్పుడు అమ్మ చేతిలో హారతి పళ్లెం ఉంది. అక్కను చూడగానే అది ఊగిపోయింది, పక్కన ఉన్న ముత్తయిదువ పట్టుకోకపోతే కింద పడేదే. అమ్మకు అప్పుడు తెలిసింది. నోట్లో కొంగు కుక్కుకుంది. కెమెరా నడుస్తోందో లేదో శ్రీకాంత్‌కే తెలియదు. ఒక కంట చూస్తూ ఇంకో కంట ఏడుస్తున్నాడు. అక్క పచ్చ అంచు చీర కట్టుకొచ్చి పీట మీద కూర్చుంది. బాపు ముందుకొచ్చాడు. "వచ్చినవా బిడ్డా" అనాలి, ఆ ఒక్క మాటే. బాపు ఆ మాట అనలేదు. గుమ్మం వైపు, దాని అవతల గేటు వైపు చూసి, అక్క వైపు తిరిగి, "ఒక్కదానివే వచ్చినవా?" అన్నాడు. అక్క తల దించుకుంది. నేను నేర్పినట్టే చెప్పింది: "ఒక్కదాన్నే బాపు."

బాపు ఇంకోసారి గేటు వైపు చూశాడు. తర్వాత వంగి దోసిలి నిండా బియ్యం తీసుకుని అక్క ఒడిలో పోశాడు. ఒకసారి కాదు, ఐదుసార్లు పోశాడు. ఆ చేతులకు మందు వాసన ఉంటుందని నాకు తెలుసు, అక్కకూ తెలుసు. అమ్మ పోసింది, ముత్తయిదువలు వాళ్ల తగవు మరిచిపోయి పోశారు. పసుపు బియ్యం అక్క ఒడి నిండి పీట మీదికి జారుతుంటే అక్క రెండు చేతులతో పట్టుకుంది. ఏడుపు ఆపుకోవడం నేర్పాను గాని, ఆమె ఆపుకోలేదు. మేమెవ్వరమూ ఆపుకోలేదు.

శ్రీకాంత్ ముక్కు తుడుచుకుని దర్శకుడిలా మారాడు. "అంకుల్, మస్తుగ వచ్చింది. ఒక్కపారి దగ్గర నుంచి తీస్త. బియ్యం మల్ల గంపల పోసి ఇంకొకపారి పొయ్యుండ్రి." ముత్తయిదువల్లో ఒకామె గంప తీసుకొని వంగింది కూడా. బాపు ఆమె చేతిని ఆపాడు. ఆయన గొంతు పెద్దది కాలేదు. "ఏం రా శ్రీకాంతూ, నీకు ఇంట్ల చెప్పెటోళ్లు లేరా? ఒడిబియ్యం ఒకపారి పోసినంక మల్ల పొయ్యరు. నా బిడ్డకు పోసిన. అయిపోయింది. నీ సినిమల కావాలంటే ఇంకేదన్న పెట్టుకో." నా బిడ్డ అన్న మాట ఆ ఇంట్లో ఐదేళ్ల తర్వాత వినబడింది. దాని ముందు దగ్గరి షాటు, దూరపు షాటు ఏమిటి? శ్రీకాంత్ కెమెరా ఆపేశాడు.

ఆపేశాడు కాబట్టి తర్వాత జరిగింది సినిమాలో లేదు. ఒడి నిండిన పిల్ల వెళ్లే ముందు ఆ బియ్యంలోంచి ఐదు పిడికిళ్లు తిరిగి పుట్టింటికి ఇవ్వాలి, ఆ ఇల్లు కూడా చల్లగా ఉండాలని. శ్రీకాంత్‌కు ఆ సంగతి తెలియదు, నేను రాసిన కథలోనూ లేదు, నేనే మరిచిపోయాను. అక్క మరవలేదు. దేవుడి గూటి ముందు చాట పెట్టి ఐదు పిడికిళ్లు పోసింది. తర్వాత గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది. ఆ గడప దాటి ఐదేళ్ల కిందట చెప్పకుండా వెళ్లిపోయిన మనిషి, ఇప్పుడు ఒడి బరువుతో నెమ్మదిగా కిందికి వంగి ఒక్కొక్క బొట్టూ పెడుతుంటే బాపు వరండాలో నిలబడి చూశాడు. అక్క పోయాక అటక మీది నుంచి గ్లాసు దింపి కడిగి వంటింట్లో పెట్టింది ఎవరో ఈసారి నేను చూశాను. బాపే.

అప్పటి నుంచి అక్క వస్తూ పోతూ ఉంది. బావ రాలేదు. అక్కను గేటు దాకా తెచ్చి దింపి వెనక్కి పోయేవాడు. "నన్నెవలు పిలిచిన్రు?" అనేవాడు. బాపు ఒకసారి, ఎవరితో అన్నాడో తెలియకుండా, "పిల్లను ఒక్కదాన్నే తోలిండు, ఆయన రాలే," అన్నాడు. నేను అది విన్నాను, అర్థం చేసుకోలేదు. కోపమే ఇంకా పోలేదనుకున్నాను. పిల్లలు పుట్టాక బావ వరండా దాకా వచ్చాడు. ఇద్దరూ రెండు కుర్చీల్లో కూర్చొని వానల గురించి, మద్దూరు బస్సుల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఇన్నేళ్లలో అంతకు మించి లోపలికి పోయిన మాట ఒక్కటి లేదు. ఒకరు పిలిస్తే బాగుండని చూశారు, ఒకరు వస్తే బాగుండని చూశారు. బాపు పాడె మోసినవాళ్లలో బావ ఉన్నాడు. ఆ రోజు కూడా ఎవరూ పిలవకుండానే వచ్చి భుజం పెట్టాడు.

ఇప్పుడు ఒడిబియ్యం ఫంక్షన్ హాల్లో పోస్తున్నారు. మొన్న ఒక చుట్టాల ఇంటి పిలుపుకు పోతే పైన డ్రోన్ తిరుగుతోంది, కెమెరా పిల్లవాడు "ఇంకొక్కసారి పొయ్యండమ్మా, నవ్వుకుంటూ," అంటే అందరం నవ్వుకుంటూ మళ్లీ పోశాం. నేను కూడా పోశాను. ఎవరి ఇష్టం వాళ్లది, నాకేం బాధ లేదు. ప్రతి ఇంట్లో సినిమా తీసే ఫోను ఉంది, పిల్లలు వంటింట్లో తీస్తారు, బాత్రూములో కూడా తీస్తారు. బాగానే తీస్తున్నారు, మా శ్రీకాంత్ కన్నా చెయ్యి వణకకుండా తీస్తున్నారు. కానీ ఒక పనిని మళ్లీ చేయడం కుదరదని, కెమెరా ఉన్నా సరే కుదరదని చెప్పే మనిషి మాత్రం ఇప్పుడు నాకు ఎక్కడా కనబడడు. ఆ మాట చెప్పిన మనిషి బీరువా ముందు కింద కూర్చొని ఆ కాగితం చదివాను.

నా రాత నల్ల ఇంకుతో ఉంది. "పీట ఒకటి. బియ్యం రెండు కిలోలు, ఏవైనా సరే. చీర, అమ్మది పాతది. రవిక, అక్క పాతది, బీరువా కింది అరలో ఉంది, పిట్టకు సరిపోతే చాలు." అక్కను నేను ముద్దుగా పిట్ట అంటాను. హైదరాబాదు హీరోయిన్‌కు అక్క రవిక ఎందుకు? ఇంత పెద్ద పథకం వేసి, దాన్ని నా చేత్తో రాసి, బాపు రోజూ వార్తలు చూసే టీవీ మీద వారం రోజులు పెట్టాను. నా రాత కింద నీలం పెన్సిల్ ఉంది. "రెండు" కొట్టేసి "ఐదు" అని రాసి చుట్టూ గుండ్రంగా గీశాడు. "పాతది" కొట్టేసి "కొత్తది, పచ్చ అంచు" అని రాశాడు. పచ్చ అంచు అక్కకు ఇష్టం. దాని కింద కుడుకలు, ఖర్జూరాలు, పోకలు. అన్నిటికన్నా కింద, నా కథలో ఎక్కడా లేని మనిషికి ఒక వరుస: "అల్లునికి, ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ." దాని చుట్టూ కూడా గుండ్రంగా గీత ఉంది. అంకె కాకపోయినా గీశాడు.

ఆయన గేటు వైపు రెండుసార్లు ఎందుకు చూశాడో అప్పుడు తెలిసింది. ఆయన అలా చూస్తున్న వేళకు సందు మొగలో బావ చాయ మీద చాయ తాగుతున్నాడు. వంద అడుగుల దూరం. ఆ ఇద్దరి మధ్య నిలబడింది నేను, నా తెలివి. సిగ్గు వేసింది. ఏడుపూ వచ్చింది, అది దాచుకునే వయసు కాదు నాది. అమ్మకు చదివి వినిపిస్తే, పొట్లానికి మళ్లీ సుతిలి కట్టింది. తర్వాత, "ఇగ దాన్ని మల్ల బీరువల పెట్టకు," అంది.

మరుసటి ఆదివారం పొట్లం పట్టుకొని మద్దూరు బస్సు ఎక్కాను. బావ ఇప్పుడు లావెక్కాడు, జుట్టు సగం నెరిసింది, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నాడు. పొట్లం ఆయన ఒడిలో పెట్టి కాగితం చూపించాను. "ఆ దినం నిన్ను రావద్దన్నది నేను బావా. బాపు కాదు. బాపు నీకోసం చూసిండు." ఇంత మాట చెప్పడానికి నాకు అంత దూరం బస్సు ప్రయాణమూ సరిపోలేదు. బావ కళ్లద్దాలు పెట్టుకుని ఆఖరి వరుస చదివాడు, మళ్లీ చదివాడు. నీలం గుండ్రం మీద వేలు పెట్టాడు. తర్వాత గుడ్డను ముక్కు దగ్గరకు తీసుకున్నాడు.

"మందు వాసనొస్తున్నది," అన్నాడు. చొక్కా గుడ్డ విప్పి భుజానికి ఆనించుకున్నాడు. "గప్పుడు నేను సన్నగుంటి సుజాతా. గిది ఇప్పుడు నాకు సరిపోతదా?"

వంటింట్లోంచి అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. "కుట్టని గుడ్డ కద," అంది. "ఇప్పుడు కొలిపిచ్చుకో."

బావ లేచి చెప్పులు వేసుకున్నాడు. దర్జీ దుకాణం ఆదివారం పగటిపూట తెరిచే ఉంటుందట.